విదిలించని పాదరసం

అమెరికా వెళ్లొచ్చినవాళ్లందరూ ఆ పెద్ద జలపాతం గురించి రాస్తారు. నేను దానికి అరగంట దూరంలో ఒక పూటంతా బస్టాండులో కూర్చుని కూడా చూడకుండా వచ్చేశాను. నాకేం విచారం లేదు. దాని ఫోటోలు మీరు ఇప్పటికే చూసి ఉంటారు. నేను వెళ్లింది ఒక థర్మామీటరు నిజం చెప్పిందో లేదో తేల్చుకోడానికి.

నవ్వేవాళ్లు ఇక్కడే నవ్వుకోవచ్చు. నా మేనకోడలు కూడా నవ్వింది.

మాది బందరు. నా బడి చదువు ఎనిమిదో తరగతితో సరి. ఆ తర్వాత ఆస్పత్రి రోడ్డులో సర్జికల్ సామాన్ల షాపులో చేరి, జుట్టు తెల్లబడేదాకా ఆ కౌంటరు వెనకే ఉన్నాను. ఇంగ్లీషు ఆ కంపెనీల క్యాటలాగుల్లో నేర్చుకున్నాను, చరిత్ర పురపాలక గ్రంథాలయంలో. థర్మామీటర్లు వేలకు వేలు అమ్మి ఉంటాను. గాజు థర్మామీటరు వాడని ఈ కాలం వాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. దాని గొంతు దగ్గర గాజును నొక్కి సన్నం చేస్తారు. జ్వరానికి పాదరసం అందులోంచి పైకి ఎక్కుతుంది గానీ, తనంతట తాను దిగదు. నోట్లోంచి తీశాక ఎంతసేపైనా, ఎన్నేళ్లైనా అదే అంకె దగ్గర నిలబడి ఉంటుంది. మణికట్టు తిప్పి రెండుసార్లు గట్టిగా విదిలిస్తేనే కిందికి దిగుతుంది.

నా దగ్గరున్నదాన్ని కరోనా రెండో విడత నుంచీ విదిలించలేదు. అందులో నా భార్య సుభద్ర జ్వరం ఉంది. నూట మూడు పాయింట్ నాలుగు.

ఆ రోజు ఆస్పత్రి గేటు దగ్గర ఒక కుర్రాడు సుభద్ర నుదుటికి ప్లాస్టిక్ తుపాకీ గురిపెట్టి, "తొంభై ఎనిమిది పాయింట్ రెండు. జ్వరం లేదు. జ్వరం ఉన్నవాళ్లకే చోటు లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అన్నాడు. నేను జేబులోంచి గాజుది తీసి చూపించాను. "పాతకాలంది తాతా, దాన్నెవరు నమ్ముతారు" అన్నాడు. ఇంటికి తీసుకెళ్లాను. తర్వాత ఏమైందో మీరు ఊహించగలరు. ఆ కుర్రాడి మాట తప్పా, నా గాజు తప్పా అన్నది ఇన్నేళ్లూ గొంతులో ముల్లులా ఉండిపోయింది. తేల్చాలంటే థర్మామీటరును పరీక్ష చెయ్యాలి. పరీక్ష చెయ్యాలంటే మామూలుగా ముందు విదిలించాలి. విదిలిస్తే సుభద్ర జ్వరం పోతుంది. నాకు ఆమెవి మిగిలినవాటిలో ఇంకా ఆమె ఒంటి వేడి ఉన్నది అదొక్కటే.

ఇంకో చిక్కుంది. మా బందరు ఎండాకాలం నూట మూడు దాటుతుంది. బల్లమీద వదిలేస్తే ఊరి వేడికే పాదరసం ఇంకా పైకి పోయి, ఆమె అంకె చెరిగిపోతుంది. అందుకని ప్రతి మే నెలా దాన్ని ఫ్రిజ్‌లో గుడ్ల అర పక్కన పెట్టేవాణ్ణి. కరెంటు పోతే తడిగుడ్డ చుట్టి కుండ పక్కన పెట్టి, విసనకర్ర పట్టుకు కూర్చునేవాణ్ణి. పక్కింటివాళ్లు నాకు మతి చలించిందనుకున్నారు. అనుకోనివ్వండి.

నోవై

నోవై మిషిగన్‌లో ఉంది. కార్లు తయారుచేసే రాష్ట్రమది. నా మేనకోడలు లలిత, అంటే సుభద్ర అన్నగారి కూతురు, అక్కడ కార్లలో పెట్టే సాఫ్ట్‌వేర్ రాస్తుంది. నన్ను రమ్మని ఎన్నాళ్ల నుంచో పిలుస్తోంది. చలికాలంలోనే వస్తానన్నాను. అందరూ ఎండాకాలం వస్తారు కదా మావయ్యా అంది. నా కారణం నాది.

ఆ ఇంట్లో గోడకొక అంకె, పొయ్యికొక అంకె, ఫోనులో ఒక అంకె. ఇల్లు డెబ్బై, బయట పదకొండు, కోడిమాంసం నూట అరవై అయిదు, అన్నీ ఫారన్‌హీట్‌లోనే. మన దగ్గర ఒంటికొక కొలత, ఊరికొక కొలత. నూట రెండు జ్వరం అంటాం, ముప్ఫై తొమ్మిది ఎండ అంటాం. రెండూ ఒకే వేడి అని మనకెవరికీ తట్టదు. ఇక్కడివాళ్లు ఒంటినీ ఊరినీ ఒకే కొలతతో కొలుస్తారు. ఈ దేశంలో నాకు నచ్చిన కొద్ది విషయాల్లో ఇదొకటి. నచ్చనివాటికి వేరే వ్యాసం కావాలి.

పాదరసం థర్మామీటరు అమ్మడం ఆ రాష్ట్రంలో నిషేధమట. లలిత నా థర్మామీటరు డబ్బాను పాముని చూసినట్టు చూసింది. అయినా నా మాట విని, పాత పరికరాలు సేకరించే వాళ్ల గుంపు ఒకటి ఇంటర్నెట్‌లో వెతికి పట్టుకుంది. రాచెస్టర్ అనే ఊళ్లో హెలెన్ అనే ఆవిడ థర్మామీటర్ల ఫ్యాక్టరీలో జీవితమంతా పనిచేసి, పరీక్ష చేసే తొట్టి ఇప్పటికీ ఇంట్లో పెట్టుకుందట. నా సంగతంతా లలిత చేత రాయించాను. ఆవిడ జవాబు రెండు ముక్కలు: రమ్మను, మంచు కరిగాక. మంచు కరగకముందే వస్తానని రాయించాను.

"ఫ్లైట్ బుక్ చేస్తాను మావయ్యా. గంటలో దిగుతావు. బస్‌లో ఎవరు వెళ్తారు ఇక్కడ?"

"హ్యాండ్‌బ్యాగులో దీన్ని పెట్టనిస్తారా?"

"పెట్టనివ్వరు. చెకిన్ బ్యాగ్‌లో వెయ్యాలి."

"ఇండియా నుంచి అలాగే వేసుకొచ్చాను. విమానంలో నాకు రెప్ప పడలేదు. ఇంక నా వల్ల కాదు."

"పోనీ లీవ్ దొరికితే నేనే డ్రైవ్ చేస్తా."

"వద్దమ్మా. ఒక్కణ్ణే వెళ్తాను."

డెట్రాయిట్ బస్టాండుకు లలిత భర్త కిరణ్ దించాడు. మంచివాడు, తక్కువ మాట్లాడతాడు. కోటు విప్పి మడిచి నడుం వెనక పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి నడుం కింద వెచ్చబడింది. నా వయసువాళ్లకు వచ్చే అనుమానమే వచ్చింది, తడుముకుంటే తడి లేదు.

"ఏంటి కిరణ్, సీటు కాలుతోంది?"

"సీట్ హీటర్ ఆన్ చేశాను మావయ్యగారూ. నడుంకి రిలాక్సింగ్‌గా ఉంటుంది."

కోటు నా వెనకే ఉంది. కోటు జేబులో డబ్బా ఉంది. నేను పెట్టిన కేకకు అతను రోడ్డు పక్కన కారు ఆపేశాడు. "ఏమైంది, ఎవరినైనా గుద్దేశానా?" అంటున్నాడు పాపం. డబ్బాలోంచి గొట్టం తీసి వెలుతురుకు పట్టాను. వెండి గీత కదల్లేదు. నూట మూడు పాయింట్ నాలుగు.

"ఆఫ్ చేశా మావయ్యగారూ, చేశా. చూడండి, లైట్ కూడా ఆరిపోయింది."

బస్టాండు దాకా ఇద్దరం చలికి ముడుచుకుని వెళ్లాం. నాకోసం అతను కారు హీటరు కూడా ఆపేశాడు.

టొలీడో దాటాక

అమెరికాలో బస్సెక్కేవాళ్లు వేరే దేశంవాళ్లలా ఉంటారు. సబర్బుల్లో నాకు కనిపించని మనుషులందరూ ఇక్కడే ఉన్నారు: దుప్పటి కప్పుకున్నవాళ్లు, సామానంతా నల్ల చెత్తసంచిలో పెట్టుకున్నవాళ్లు, ఫోనులో ఎవరినో బతిమాలుకునేవాళ్లు. కాఫీ మూడు డాలర్లు. అది కాఫీ కాదు, కాఫీ కడిగిన నీళ్లు. అయినా తాగాను.

టొలీడోలో ఒక లావుపాటి నల్లజాతి ముసలావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. పేరు రూబీ. క్లీవ్‌లాండ్‌లో చెల్లెలికి కాలు విరిగితే వండిపెట్టడానికి వెళ్తోంది. అక్కడి ముసలమ్మలు తెలియనివాళ్లను కూడా హనీ అని పిలుస్తారు. మొదటిసారి ఉలిక్కిపడ్డాను, రెండోసారికి అలవాటైంది. ఆవిడ ఇంగ్లీషును నా తెలుగులో పెడుతున్నాను.

"హనీ, బస్సు కదిలిన దగ్గర్నుంచీ ఆ జేబు తడుముకుంటూనే ఉన్నావు. తుపాకీ కాదు కదా?"

"కాదు. జ్వరం."

ఆవిడ ఎంత గట్టిగా నవ్విందంటే ముందు సీటువాడు లేచి చూశాడు. డబ్బా తెరిచి చూపించాను. "అయ్యో దేవుడా, గాజుది!" అంది. వాళ్లమ్మ చేతిలో ఒకటి పగిలితే, పిల్లలందరూ ఆ వెండి గోళీల్ని చేపల డబ్బా మూతలో దొర్లిస్తూ సాయంత్రమంతా ఆడుకున్నారట. మేమూ అంతే. మా షాపులో పగిలినవాటి పాదరసం సీసాలో పోసి పెట్టేవాణ్ణి, ఆ వీధి పిల్లలు చూడ్డానికి వచ్చేవారు. అది విషమని ఇక్కడా అక్కడా ఎవరూ చెప్పలేదు.

"ఇది కనిపెట్టింది ఎవరు?" అని అడిగింది. అడక్కూడని మనిషిని అడిగింది. క్లీవ్‌లాండ్ దాకా చెప్పాను.

దూరదర్శినితో గ్రహాల్ని చూసిన ఆ ఇటలీ పండితుడే కనిపెట్టాడని పుస్తకాలు రాస్తాయి. ఆయన దగ్గరున్నది ఒక గాజు గుండు, దాని నుంచి వేలాడే సన్నని గొట్టం, అంతే. గొట్టం మూతిని నీళ్లలో బోర్లించి గుండును అరచేత్తో పట్టుకుంటే లోపలి గాలి ఉబ్బి నీటిని కిందికి తోసేది. దానిమీద ఒక్క అంకె లేదు. వేడికే కాదు, గాలివాన రాబోతున్నా కదిలేది. దానికి గీతలు గీసి, గుండును రోగి నోట్లో పెట్టి, నిన్నటికన్నా ఇవాళ ఎక్కువో తక్కువో చూడాలన్న ఆలోచన చేసింది ఆ కాలపు వైద్యుడొకడు. తన తిండీ, తన మలమూత్రాలూ కూడా రోజూ త్రాసులో తూచుకున్న మనిషి. ఆయన పేరు వందమందిలో ఒకరికైనా తెలుసా? గ్రహాల్ని చూసినవాడికి పటాలు, రోగిని చూసినవాడికి ఏమీ లేదు. ఆ తర్వాత ఫ్లోరెన్సులో ఒక ప్రభువు గొట్టంలో సారాయి పోయించి పైమూతి కరిగించి మూసేయించాడు. దాంతో గాలివాన గొడవ తప్పింది. కానీ ఒక గొట్టం చెప్పేదానికీ ఇంకో గొట్టం చెప్పేదానికీ పొత్తు లేదు. ఫ్లోరెన్సు జ్వరం పారిస్‌లో జ్వరం కాదు.

"అంటే ఒక్క థర్మామీటరుంటే జ్వరమెంతో తెలుస్తుంది," అంది రూబీ, "రెండుంటే తెలీదు."

నేను నలభై ఏళ్లు కౌంటరు దగ్గర చెప్పిన మాట అదే. ఇది తప్పు చూపిస్తోందని ఎవరైనా తిరిగి తెస్తే, మూడింటిని ఒకే గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పెట్టి చూపించేవాణ్ణి. మూడూ కలిస్తే కొన్నవాడు నోరు మూసుకుని వెళ్లేవాడు. కానీ మూడూ ఒకే అబద్ధం చెప్పొచ్చు కదా? ఆ ఆలోచన అప్పుడు రాలేదు. సుభద్ర పోయాక వచ్చింది.

దిగేటప్పుడు రూబీ నా మోచేయి పట్టుకుంది. "నీ మనిషి వేడి అందులో ఉందంటున్నావు. పరీక్ష ఎందుకు హనీ? ఉంచేసుకో."

"వాడు అబద్ధమన్నాడు."

"ఎవడు?"

నాకు వాడి పేరు కూడా తెలియదు.

క్లీవ్‌లాండ్

సముద్రమంత చెరువు ఒడ్డున ఉంది ఆ ఊరు. చెరువు గడ్డకట్టి, గట్టుకీ నీటికీ తేడా లేకుండా తెల్లగా ఉంది. మర్నాటి బస్సు దాకా బస చేసిన మోటెల్ సూరత్ వాళ్లది. యజమాని నన్ను చాచాజీ అని పిలిచి, నేను శాకాహారినని తెలిశాక వాళ్లింట్లో వండిన ఖిచిడీ ఒక గిన్నె పంపాడు. మన కిచిడీకి పోపు ఎక్కువ, వాళ్లదానికి నెయ్యి ఎక్కువ. నాలుగు రోజుల్లో వేడిగా తిన్న అన్నం అదొక్కటే. డబ్బు తీసుకోలేదు, "మీరు నా టీవీ రిమోటు పాడుచెయ్యకుండా ఉంటే చాలు" అన్నాడు.

పొద్దున బయటికి వచ్చాను. వీధిలో పెద్ద లారీ ఒకటి వెనకనుంచి ఉప్పు చల్లుకుంటూ పోతోంది. చెరువు కింద ఉప్పుగని ఉందట, అక్కణ్ణుంచి తవ్వి ఊరంతా చల్లుతారు, మంచు కరగడానికి. ఎదురుగా బ్యాంకుమీద వెలిగే బోర్డు: 0.

నేను ఆ చలిలో నిలబడిపోయాను. మంచు, ఉప్పు, నీళ్లు. ఫారన్‌హీట్ తన సున్నాను పట్టుకున్నది సరిగ్గా ఆ మిశ్రమంలోనే. మంచులో ఉప్పో, కళాయి పూసేవాళ్లు వాడే నవాసారమో కలిపి అందులో గొట్టం ముంచితే ఎక్కడ ఆగుతుందో అది సున్నా. వట్టి మంచునీళ్లలో ముప్ఫై రెండు. ఆరోగ్యవంతుడి నోట్లోనో చంకలోనో తొంభై ఆరు. మా సర్జికల్ షాపులో ఈ సంగతి ఎంతమందికి చెప్పానో! ఆ సున్నాను నేను కళ్లారా చూస్తానని ఎన్నడూ అనుకోలేదు. పక్కన ఎవరికైనా చూపిద్దామంటే పక్కన ఎవరూ లేరు. లారీ వెళ్లిపోయింది.

ఆ ఫారన్‌హీట్ కథ కూడా వినండి. విషపు పుట్టగొడుగులు తిని తల్లీ తండ్రీ ఒకే రోజు పోయారు. పెంచేవాళ్లు అతన్ని ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక వర్తకుడి దగ్గర పనికి పెట్టారు. అతనికి లెక్కలు రాయడం ఇష్టం లేదు, గాజు ఊదడం ఇష్టం. పారిపోయాడు. అతన్ని పట్టుకుని డచ్చి కంపెనీ ఓడెక్కించి తూర్పు దేశాలకు పంపెయ్యమని ఉత్తర్వు కూడా పుట్టించారట. అప్పట్లో బందరులో డచ్చివాళ్ల కొఠీ ఉండేది. వాళ్ల సమాధులు మా ఊళ్లో ఇప్పటికీ ఉన్నాయి, మేకలు మేస్తుంటాయి. అతను దొరికిపోయి ఉంటే బందరులో దిగి, మా ఎండకు ఏ విరేచనాలో పట్టుకుని, ఆ మేకల కింద పడుకుని ఉండేవాడేమో. దొరకలేదు. ఊరూరా తిరిగి, చివరికి గొట్టంలో పాదరసం పోశాడు. అతను చేసిన రెండు గొట్టాలు ఒకే అంకె చూపిస్తే ఒక జర్మను పండితుడు ఆశ్చర్యపోయి దానిమీద వ్యాసమే రాశాడట. రెండు వస్తువులు ఒకే మాట చెప్పడం అప్పటికి అంత వింత.

ఇంతలో కాలు జారింది. ఉప్పు చల్లిన చోటే వెల్లకిలా పడ్డాను. పడుతూ రెండు చేతులూ రొమ్ముమీద జేబుకు అడ్డం పెట్టుకున్నాను కాబట్టి తల ఠప్పుమని కొట్టుకుంది. జేబులోది భద్రం. మోటెల్ యజమాని పరుగున వచ్చి లేపి, "ఏం దాచారు చాచాజీ అందులో, బంగారమా?" అన్నాడు. తల నొప్పి మర్నాటిదాకా ఉంది.

బఫలో

ఇక్కడే ఆ జలపాతం. ఇక్కడే మంచు తుపాను. రాచెస్టర్ బస్సు ఆగిపోయింది, ఎప్పుడు కదులుతుందో చెప్పేవాడు లేడు. కౌంటరులో మనిషి బదులు ఒక తెర, అది "ఆలస్యమైనందుకు చింతిస్తున్నాం" అని వెలుగుతూనే ఉంది. మన బస్టాండులో అయితే పదిమందిమి కలిసి స్టేషన్ మాస్టర్ని నిలదీసేవాళ్లం. ఇక్కడ అందరూ తలకు టోపీ లాక్కుని నిద్రపోయారు. నేనొక్కణ్ణే లేచి తెరను తిట్టాను. తెలుగులో తిట్టాను.

వెనకనుంచి నవ్వు వినిపించింది. "అంకుల్, మీరు తెలుగా?"

స్రవంతి. కరీంనగర్ పిల్ల. ఆస్పత్రిలో ఊపిరి యంత్రాలు చూసే ఉద్యోగం. స్నేహితురాలి పెళ్లికి వచ్చి ఇరుక్కుపోయింది.

"ఏడికి పోతున్నరు అంకుల్, ఈ మంచుల ఒక్కరే?"

చెప్పాను. డబ్బా తెరిచి చూపించాను. ఆ పిల్ల గొట్టాన్ని అటూ ఇటూ చూసి, "ఇది ఎట్ల ఆన్ చేస్తరు అంకుల్? బటన్ ఏది?" అంది.

ఊపిరి యంత్రాలు చూసే పిల్ల! కోపం వచ్చింది. అంతలోనే ఆ పిల్ల పుట్టేనాటికే గాజువి పోతున్నాయని గుర్తొచ్చింది. దానికి కరెంటు అక్కర్లేదనీ, విదిలించకూడదనీ, ఎందుకు విదిలించకూడదో కూడా చెప్పాను. వినగానే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది, ఊపిరి తగిలినా పోతుందన్నట్టు.

"మా చిన్నబాపు గట్లనే పోయిండు అంకుల్, సెకండ్ వేవ్‌ల. నేను ఇక్కడ పేషెంట్లకు వెంటిలేటర్ సెట్ చేస్తున్న, ఆడ మా వాళ్లు సిలిండర్ కోసం తిరుగుతున్నరు. వీసా స్టాంపింగ్ పెండింగ్. పోతే మల్ల రానియ్యరు. వీడియోల చూసిన అంతే." బాబాయి సంగతి అక్కడితో ఆపి, గడ్డంతో డబ్బావైపు చూపించింది. "మీ దగ్గర ఇదన్న ఉంది."

సంచిలోంచి అల్యూమినియం కాగితంలో చుట్టిన పులిహోర తీసి సగం నాకు పెట్టింది. చింతపండు బదులు నిమ్మకాయ, ఆవపిండి లేదు, వేరుశనగలు మెత్తబడ్డాయి. ఆ తెరకింద కూర్చుని ఇద్దరం తిన్నాం. తన బస్సు ముందొచ్చింది. ఎక్కుతూ వెనక్కి తిరిగి, "ఏం తేలిందో చెప్పుండ్రి అంకుల్" అంది. నంబరు తీసుకోవడం ఇద్దరం మరిచిపోయాం. ఇది చదివితే చూసుకుంటుంది.

రాచెస్టర్

హెలెన్ ఇల్లు ఊరి చివర. కిటికీలదాకా మంచు. తలుపు తీసినావిడ నాకన్నా పెద్దది, వేళ్లు కీళ్లవాతంతో వంకర్లు పోయాయి, కళ్లు మాత్రం సూదుల్లా ఉన్నాయి. ఒక్కతే ఉంటుంది. ఇల్లంతా నిశ్శబ్దం, మా ఇంటిలాగే.

"మంచు కరిగాక రమ్మన్నాను."

"మంచు కరిగితే వేడెక్కుతుంది."

ఆవిడ నవ్వకుండా తలూపింది. అర్థమైంది ఆవిడకు. ఈ లోకంలో ఆ మాట అర్థమైన మొదటి మనిషి.

ఆవిడ ఫ్యాక్టరీలో చేసిన పనిని పాయింటింగ్ అంటారట. గొట్టంలోని రంధ్రం ఏ రెండింటిలోనూ ఒక్కలా ఉండదు కాబట్టి ప్రతిదాన్నీ తెలిసిన వేడిలో ముంచి, పాదరసం ఆగినచోట గీటు పెట్టాలి. ఆ గీట్లను బట్టి తక్కిన అంకెలు. వరసగా ఆడవాళ్లు కూర్చుని పొద్దస్తమానం అదే: ముంచడం, చూడడం, గీటు పెట్టడం, తుడిచి విదిలించి ట్రేలో పెట్టడం. "మాది మాట్లాడుకునే వరస," అంది. "వరసలో ఇప్పుడు నేనే మిగిలాను."

నేలమాళిగలో పొడుగాటి గాజు తొట్టి, అందులో నీళ్లు తిప్పే చిన్న పంకా, వేడి పుట్టించే తీగ. పక్కన ప్రామాణిక థర్మామీటరు, సర్టిఫికెట్ ఉన్నది. నాకు ఇంట్లో లేనివి ఇవే: నిలకడగా ఉండే వేడి, నమ్మదగ్గ సాక్షి. ఇంకా చెప్పాలంటే ధైర్యం.

విదిలించకుండా పరీక్ష చేసే పద్ధతి మా ఇద్దరికీ తెలుసు. నీళ్లు మెల్లగా వేడెక్కిస్తూ పోవాలి. సుభద్ర అంకె నూట మూడు పాయింట్ నాలుగు. నా గాజు ఎక్కువ చూపించే రకమైతే, నీళ్లు నూట ఒకటికో రెండుకో వచ్చేసరికే అది తన గీత దాటి పైకి కదలాలి. కదిలితే అది అబద్ధాలకోరు, గేటు కుర్రాడు చెప్పింది నిజం కావచ్చు. నూట మూడు దాటినా కదలకపోతే నా గాజు ఎక్కువ చెప్పలేదన్నమాట. అప్పుడు వెంటనే తీసేస్తే అంకె కూడా పోదు.

"నేను సాక్షిని చూస్తాను. నువ్వు నీదాన్ని చూడు," అంది హెలెన్, భూతద్దం నా చేతికిచ్చి.

గొట్టాన్ని ఆవిడే క్లిప్పుకు తగిలించి నీళ్లలోకి దించింది. పంకా తిరుగుతోంది. ఆవిడ అంకెలు మెల్లగా చదువుతోంది, గుడిలో నామాలు చదివినట్టు.

"తొంభై ఎనిమిది... తొంభై ఎనిమిది పాయింట్ రెండు."

గేటు కుర్రాడి అంకె అది. ఆవిడకు అది వట్టి అంకె, దాటి పోయింది. తొంభై తొమ్మిది. నూరు. నూట ఒకటి. "కదిలిందా?" "లేదు." నూట రెండు. చెమట కంట్లో పడింది, తుడుచుకోలేదు. నూట రెండున్నర. వెండి గీత అలాగే ఉంది, సుభద్ర మొండితనం లాగ. నూట మూడు.

"కదిలిందా?"

"లేదు."

"నూట మూడు పాయింట్ రెండు. తీసెయ్యనా?"

"తీసెయ్యి."

తీసింది. "నీ గాజు ఎక్కువ చెప్పలేదు," అంది. "తప్పు చెప్పి ఉంటే తక్కువే చెప్పి ఉంటుంది. ఆవిడకు జ్వరం ఉంది."

ఈ మాట కోసం భూమికి ఇటువైపు వచ్చాను. గెలిచాను. గెలిచి చుట్టూ చూస్తే చెప్పడానికి ఎవరున్నారు? గేటు కుర్రాడు ఎక్కడున్నాడో, అసలున్నాడో లేదో. సుభద్రకు చెప్పే పనే లేదు, తన ఒళ్లు కాలుతోందని తనకే అందరికన్నా ముందు తెలుసు. నేను జేబురుమాలు కోసం పక్కకు తిరిగాను.

వెనక చప్పుడు వినిపించింది. గాలిని కోసినట్టు, రెండుసార్లు.

హెలెన్ చేతిలో గుడ్డ ఉంది. గొట్టం తుడిచింది. తుడిచాక ఆ చెయ్యి జీవితమంతా ఏం చేసిందో అదే చేసింది. ఆవిడ ముఖం చూశాకే నేను గొట్టం చూశాను. వెండి గీత లేదు. అడుగున తొంభై అయిదు దగ్గర చిన్న చుక్క.

"అయ్యో, నా చెయ్యి," అంది. "నా చెయ్యి." ఆ వంకర వేళ్లను రెండో చేత్తో పట్టుకుంది, అవి ఎవరివో అన్నట్టు.

దారిపొడుగునా బస్సు కంపెనీని తిట్టాను, పుస్తకాల్ని తిట్టాను, మంచును తిట్టాను. ఇప్పుడు తిట్టాల్సిన చోట నోరు రాలేదు. కారణం చెబుతాను. ఆ చప్పుడు వినగానే, తిరిగి చూసేలోపల, నా మణికట్టు కూడా తిరిగింది. వట్టి చెయ్యి. షాపులో ఎవరైనా విదిలిస్తే నా చెయ్యి తోడు కదిలేది, సుభద్ర నవ్వేది.

"నేనైనా అదే చేసేవాణ్ణి," అన్నాను. అది మర్యాదకు అన్నది కాదు.

మెట్లెక్కి పైకి వచ్చాం. నేను వణుకుతున్నానని నాకు తెలియలేదు. ఆవిడ నన్ను వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, నా ముఖంలోకి చూసి, గొట్టాన్ని స్పిరిటుతో తుడిచింది.

"ఎన్ని రోజులుగా మంచులో తిరుగుతున్నావు? నోరు తెరు."

"అక్కర్లేదు, నేను..."

"నాలుక కింద. మాట్లాడకు."

నోరు మూసుకున్నాను. నా జీవితంలో నేను అంతసేపు మాట్లాడకుండా కూర్చున్నది అరుదు. సుభద్ర నా జ్వరం ఎప్పుడూ అరచెయ్యి వెనకపక్కతోనే చూసేది, నీ గాజులు నీ షాపులోనే ఉండనీ అనేది. ఆమె పోయాక నాకు జ్వరం వచ్చిందో లేదో ఎవరూ చూడలేదు, నేను కూడా. గడియారం కొట్టుకుంటోంది. హెలెన్ దానివైపు చూస్తూ నిలబడింది. కిటికీ బయట మంచు పడుతోంది. నోట్లో గాజు మెల్లగా వెచ్చబడింది.

తీసి వెలుతురుకు పట్టింది. వేళ్లు వంకరైనా గీత దొరకడానికి క్షణం పట్టలేదు.

"తొంభై ఏడు పాయింట్ ఎనిమిది. జ్వరం లేదు."

అదే మాట. ఈసారి నమ్మాను.

నేను తిరిగొచ్చేసరికి బందరులో ఎండలు మొదలయ్యాయి. ఈసారి థర్మామీటరును ఫ్రిజ్‌లో పెట్టలేదు, బల్లమీద ఉంచాను. మొన్న మధ్యాహ్నం చూస్తే నూట నాలుగు. ఒంటిని కొలిచేదానితో ఊరిని కొలిచినట్టయింది. సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక, వరండాలో నిలబడి, రెండుసార్లు విదిలించాను.